దిద్దుటకు వీలుకాని అక్షరము: మంగోలు లిపియు, కంప్యూటరును

ఒక భాషకు లిపి యుండుట యొక విషయము. ఆ లిపికి యంత్రమునందు చోటు దొరకుట వేరొక విషయము. అచ్చుయంత్రము వచ్చినపుడు లోకములోని లిపులన్నియు ఈ పరీక్షకు నిలువవలసివచ్చినవి. కంప్యూటరు వచ్చిన పిమ్మట ఆ పరీక్ష మరింత కఠినమైనది. అచ్చుయంత్రమునకు అక్షరముయొక్క ఆకారము చాలును. కంప్యూటరునకు ఆకారముతోబాటు ప్రతి యక్షరమునకు ఒక సంఖ్య కావలెను. ఆ సంఖ్యను చూచి ఏ యాకారమును తెరపై నిలుపవలెనో తెలుపు నియమమును కావలెను. ఆ సంఖ్యను దేని కీయవలెను? కంటికి కనబడు రూపమునకా, చెవికి వినబడు ధ్వనికా? తెలుగువంటి లిపులకు ఈ ప్రశ్న పెద్దగా పుట్టలేదు. వానియందు రూపమును ధ్వనియు జంటగా నడచును. మంగోలు లిపికి ఈ ప్రశ్న పుట్టినది. లోకములోని లిపులకు సంఖ్యలు నిర్ణయించు యూనికోడ్ ప్రమాణము 1999లో దానికి చెప్పిన సమాధానముయొక్క ఫలితమును ఆ భాష నేటికిని అనుభవించుచున్నది. ఆ సమాధానముయొక్క గుణదోషములను విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఈ విషయము మిక్కిలి దూరపుదిగా తోపవచ్చును. కాని మంగోలుల స్థితి వారికి బొత్తిగా తెలియనిది కాదు. ఒకే భాష, నడుమ సరిహద్దు, ఇరువైపుల వేర్వేరు లిపులు. హోసూరులోనో, బరంపురములోనో, బళ్ళారిలోనో, షోలాపురములోనో ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో మాత్రము వేరొక లిపిని దిద్దిన బాలుడు తన తాత వ్రాసిన యుత్తరమును చదువలేకపోవుట యెట్టిదో ఎరిగినవారికి మంగోలుల కష్టమును వేరుగా వర్ణింప నక్కరలేదు.

లిపి స్వభావము

1204లో చింగిజ్ ఖాను నైమాను రాజ్యమును జయించినపుడు, ఆ కొలువులో ముద్రాధికారిగా నుండిన తాతతుంగ అను ఉయిఘూర్ పండితుడు పట్టుబడెననియు, అతనిచేతనే ఖాను తన కుమారులకు ఉయిఘూర్ అక్షరములతో మంగోలు భాషను వ్రాయుట నేర్పించెననియు యువాన్ వంశచరిత్ర చెప్పుచున్నది. ఉయిఘూర్ లిపి సోగ్దియను లిపినుండి పుట్టినది. సోగ్దియను లిపి అరామిక్ కుటుంబమునకు చెందినది. ఇట్లు పశ్చిమాసియాలో పుట్టిన అక్షరములు మధ్యాసియా వర్తకమార్గముల మీదుగా మంగోలుల గుడారములకు చేరినవి. ఈ లిపిలో నిలిచియున్న మిక్కిలి ప్రాచీనమైన శాసనము 1225 ప్రాంతపు చింగిజ్ శిల. అది నేడు సెంట్ పీటర్స్‌బర్గు నగరములోని హెర్మిటేజ్ ప్రదర్శనశాలలో నున్నది.

ఈ లిపిని పైనుండి క్రిందికి వ్రాయుదురు. వరుసలు ఎడమనుండి కుడికి సాగును. చీనా, జపాను లిపులను నిలువుగా వ్రాసినపుడు వరుసలు కుడినుండి ఎడమకు పోవును. కావున మంగోలు లిపి వానితోను కలియదు. అడ్డముగా వ్రాయు మన లిపులతోను కలియదు. పదములోని యక్షరములన్నియు ఒక వెన్నెముకను పట్టుకొన్నట్లు నిలువుగా కలిసియుండును. ప్రతి యక్షరమును పదాదిని ఒక రూపమును, మధ్యమున ఒక రూపమును, అంతమున ఒక రూపమును దాల్చును.

ఇంతకంటె ముఖ్యమైన లక్షణ మొకటి కలదు. ఈ లిపిలో ధ్వనులు ఎక్కువ, ఆకారములు తక్కువ. 'ఒ', 'ఉ' అను రెండచ్చులకు ఒకటే ఆకారము. పదమధ్యమున 'త', 'ద'లకును తరచు ఒకటే ఆకారము. పొడవైనది అను నర్థము గల 'ఉర్తు' అను పదమును, రాజు విడిది అను నర్థము గల 'ఒర్దు' అను పదమును కాగితముపై వ్రాసినచో ఆ రెండును ఒకటిగానే కనబడును. చదువరి సందర్భమును బట్టి తగిన విధమున చదువుకొనును. పైగా వర్ణక్రమము మధ్యయుగపుది, ఉచ్చారణము నేటిది. వీరుడు అను నర్థము గల పదమును 'బగతుర్' అని వ్రాసి 'బాతర్' అని పలుకుదురు. ఉలాన్‌బాతర్ అను నగరనామములో నున్నది ఆ పదమే. కొండను 'అగుల' అని వ్రాసి 'ఊల్' అని పలుకుదురు. ఇది దోషమువలె కనబడును గాని ఇందొక గుణము కూడ కలదు. లిపి ఏ యొక్క మాండలికపు ఉచ్చారణకును కట్టుబడి యుండనందున, పలుకుబడులు వేరైన మంగోలు తెగలన్నియు ఒకే గ్రంథమును చదువుకొనగలిగినవి.

ఈ యస్పష్టతను తొలగింపవలెనని మంగోలు ప్రభువులును, బౌద్ధగురువులును పలుమారులు ప్రయత్నించిరి. కుబ్లయి ఖాను ఆజ్ఞపై టిబెట్టు గురువు ఫగ్‌పా నిర్మించిన చతురస్రలిపి 1269లో రాజశాసనముగా వెలువడినది. అది టిబెట్టు లిపినుండి పుట్టినది. టిబెట్టు లిపికి మూలము భారతదేశపు లిపులు. 1587లో ఆయూష్ గూష్ సంస్కృత, టిబెట్టు పదములను తప్పు లేకుండ వ్రాయుటకై పాతలిపికి 'అలిగలి' యను అదనపు అక్షరములు చేర్చెను. అచ్చులు, హల్లులు అను నర్థము గల ఆలి, కాలి అను సంస్కృత సంజ్ఞలే ఆ పేరునకు మూలము. 1648లో జయపండితుడు ఓయిరాతు తెగలకొరకు 'తోదో', అనగా స్పష్టలిపి, కల్పించెను. 1686లో జనబజర్ అను గురువు సొయొంబొ లిపిని రచించెను. జనబజర్ అను పేరు జ్ఞానవజ్ర శబ్దమునకును, సొయొంబొ అను పేరు స్వయంభూ శబ్దమునకును మంగోలు రూపములు. ఆ లిపిలోని తొలిచిహ్నము నేడు మంగోలియా జాతీయపతాకముపై నున్నది. ఒక ధ్వనికి ఒక యక్షరము అను భారతీయ సూత్రము వారిని ఆకర్షించినదనుటకు ఈ ప్రయత్నములే సాక్ష్యము. తెలుగు బాలునకు ఆ సూత్రము ఓనమాలతోనే అబ్బును. అయినను చతురస్రలిపి, సొయొంబొ లిపి జనసామాన్యపు వాడుకలో నిలువలేదు. తాతతుంగ నేర్పిన అస్పష్టలిపియే నిలిచినది.

ఇరువదవ శతాబ్దిలో ఆ నిలుకడకు భంగము కలిగినది. మంగోలియాలో 1941 ఫిబ్రవరిలో లాటిన్ లిపిని ఆమోదించి, మరుసటి నెలలోనే దానిని విడిచి సిరిలిక్ లిపిని స్వీకరింప నిశ్చయించిరి. 1946 నుండి రాజకార్యములన్నియు సిరిలిక్ లిపిలోనే జరిగినవి. చైనాలోని ఇన్నర్ మంగోలియాలో మాత్రము పాతలిపి నిలిచినది. మంగోలియా జనసంఖ్య నేడు సుమారు 35 లక్షలు. 2020 జనాభా లెక్కలను బట్టి ఇన్నర్ మంగోలియాలోని మంగోలులు 40 లక్షలకు పైబడి యున్నారు. ఇట్లు స్వతంత్రదేశములో నున్నవారికి తాతల లిపి రాదు. ఆ లిపి వచ్చినవారికి స్వతంత్రదేశము లేదు.

రెండక్షరముల కొరత

సిరిలిక్ లిపి కంప్యూటరునకు సులభమే గదా యని తోచును. రష్యను భాషకై ఏర్పాటులన్నియు ముందే జరిగియున్నవి. కాని మంగోలు సిరిలిక్ వర్ణమాలలో 35 అక్షరము లున్నవి. అందు 33 రష్యనువి; మిగిలిన రెండును మంగోలు అచ్చులకై చేర్చినవి. విండోస్‌లో సిరిలిక్ లిపికి ఏర్పరచిన పాత సంకేతపట్టికలో ఈ రెండక్షరములకును చోటు లేదు. 1990లలో మంగోలులు ఆ పట్టికలోనే యున్న రెండు ఉక్రేనియను అక్షరముల స్థానమును తీసికొని, ఫాంటులో వానిపై తమ యక్షరముల ఆకారములను నిలిపి పని జరుపుకొనిరి. ఆ ఫాంటు లేని యంత్రముపై తెరచినచో మంగోలు వాక్యము నడుమ ఉక్రేనియను అక్షరములు తొంగిచూచెడివి. ఫోనులలో చాలమంది లాటిన్ అక్షరములతోనే సరిపెట్టుకొనిరి.

తెలుగు అచ్చుపని చేయించినవారికి ఇది చిరపరిచితమైన బాధ. యూనికోడ్ వ్యాపించుటకు ముందు, ఆ తరువాతను చాలకాలము, తెలుగు పుస్తకములు రోమను అక్షరముల స్థానములలో తెలుగు ఆకారములను నింపిన ఫాంటులతోనే కూర్పబడినవి. ఆ ఫాంటు లేనిచోట పుటయంతయు అర్థములేని రోమను అక్షరముల కుప్పగా మారును. యూనికోడ్ ఈ రోగమునకు మందైనది. తెలుగునకు 1991 నాటి మొదటి కూర్పులోనే స్థానము దొరకినది. సిరిలిక్ మంగోలు అక్షరములు రెండింటికిని ప్రత్యేకసంఖ్యలు ఏర్పడినవి. మంగోలు పాతలిపి మాత్రము 1999లో వెలువడిన మూడవ కూర్పువరకు నిలువవలసివచ్చినది. ఆ నిరీక్షణ ఫలమేమన్నదే విచారింపదగినది.

ధ్వనికి సంఖ్య

యూనికోడ్ ప్రమాణము మంగోలు లిపికి ధ్వనిని బట్టి సంఖ్యలిచ్చినది. 'ఒ'కు ఒక సంఖ్య, 'ఉ'కు వేరొక సంఖ్య. తెరపై రెండింటికిని ఒకటే రూపము. 'త'కు ఒకటి, 'ద'కు ఒకటి. ఏ సంఖ్యకు ఏ స్థానమున ఏ రూపము నిలువవలెనో ఫాంటు నిర్ణయించును.

ఈ నిర్ణయమును తొందరపడి నిందింపరాదు. దానికి బలమైన కారణములే కలవు. నిఘంటువులో పదములు ధ్వనిక్రమమున నుండును. 'ఒర్దు' అని వెదకినవానికి 'ఉర్తు' దొరకరాదు. కాగితము చూపలేని భేదమును యంత్రము దాచియుంచగలదన్నచో ఆ యవకాశమును విడువనేల? సిరిలిక్ వ్రాతను పాతలిపిలోనికి, పాతలిపిని సిరిలిక్‌లోనికి మార్చునపుడును ధ్వని తెలిసియుండుట మేలు. చరిత్రలో దీనికి తార్కాణము కూడ కలదు. పదుమూడవ శతాబ్దపు మంగోలుల రహస్యచరిత్ర అను గ్రంథముయొక్క పాతలిపి మూలము సమగ్రముగా దొరకలేదు. చీనా అక్షరములతో మంగోలు ధ్వనులను వ్రాసికొన్న ప్రతియే ఆ గ్రంథమును కాపాడినది. రూపము పోయినను ధ్వని నిలిచినందున గ్రంథము నిలిచినది. ధ్వనిపక్షము వారి సిద్ధాంతము ఇట్లు నిరాధారమైనది కాదు.

దోషము సిద్ధాంతములో లేదు. వ్రాయువాని చేతికిని, చదువువాని కంటికిని నడుమ నున్నది. 'మొంగొల్' అను జాతినామమునే తీసికొందము. అందు రెండు 'ఒ'కారము లున్నవి. ఒక్కొక్కదాని స్థానమున 'ఉ'కారమును నొక్కినను తెరపై రూపము మారదు. ఈ యొక్క కారణముచేతనే ఆ పదమును నాలుగు విధములుగా వ్రాయవచ్చును. నాలుగును కంటికి ఒకటే. యంత్రమునకు నాలుగు వేర్వేరు పదములు. ఒకడు ఒక విధముగా వ్రాసినదానిని వేరొకడు మరియొక విధముగా వెదకినచో దొరకదు. పుటమీద పదము కన్నుల యెదుట నుండగా యంత్రము లేదనును.

ఇది సామాన్యమైన అచ్చుతప్పువంటిది కాదు. తెలుగులో విద్యార్థి 'ఒకటి' అనుటకు 'ఉకటి' అని వ్రాసినచో ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో దిద్దును. బాలుడు తన తప్పును చూచి నేర్చుకొనును. మంగోలు బాలుడు యంత్రముపై 'ఒ'కు బదులు 'ఉ' నొక్కినచో ఉపాధ్యాయునకు తప్పే కనబడదు. చూపుట కేమియు లేదు, దిద్దుట కేమియు లేదు. ఉచ్చారణము మాండలిక మాండలికమునకు మారుచుండగా, వ్రాత మధ్యయుగపు వర్ణక్రమమును పాటించుచుండగా, ప్రతి పదమునకును ప్రామాణికధ్వని ఏదో అందరును ఎరిగియుందురని యంత్రము భావించినది. పండితుని మనస్సులో నుండు జ్ఞానమును ప్రమాణము ప్రతి పసివాని వ్రేలినుండి కోరినది. ఈ విధానమునకు ప్రధానదోష మిదియే.

కనబడని గుర్తులు

ఈ మూలదోషమునుండి మరికొన్ని పుట్టినవి. ఒకే యక్షరమునకు ఒకే స్థానమున రెండు మూడు రూపములు గల సందర్భములు మంగోలు లిపిలో తరచు వచ్చును. వానిలో కొన్ని అచ్చుల పొత్తును బట్టి నియమముగా ఏర్పడును. కొన్ని కేవలము సంప్రదాయమును బట్టి ఏర్పడును. సంప్రదాయరూపము కావలసినపుడు అక్షరము వెంట కనబడని గుర్తు నొకదానిని వ్రాయవలెను. మొదట అట్టి గుర్తులు మూడు. 2021లో వెలువడిన 14వ కూర్పులో నాలుగవది చేరినది. ఏ గుర్తు ఏ రూపమును తెచ్చునో చాలకాలము ఫాంటులు చేయువారందరు ఒక మాటపై నిలువలేదు. అందువలన ఒక ఫాంటులో సరిగా కనబడిన పదము వేరొక ఫాంటులో వికృతమైనది. వ్రాసినవాడు తన తెరపై కనబడిన తప్పును గుర్తుచేర్చి సవరించును. ఆ సవరణయే వేరొకని తెరపై తప్పగును.

చంద్రుడు అను నర్థము గల 'సర' అను పదములో తుది అకారమును కొంచెము విడదీసి వ్రాయుదురు. దానికై ఒక కనబడని విభాజకమును ఏర్పరచిరి. అది 2013 వరకు ఒకవిధమైన ఖాళీస్థలముగా లెక్కింపబడుచుండెను; ఆ సంవత్సరమున అది ఖాళీస్థలము కాదని నిర్ణయించిరి. పాత ప్రోగ్రాములు ఒక తీరుగ, క్రొత్తవి వేరొక తీరుగ దానిని గ్రహించినవి. విభక్తిప్రత్యయములను ప్రకృతినుండి సన్నని యెడముతో విడదీయుట మంగోలు వ్రాత సంప్రదాయము. ఆ యెడమునకు వాడిన సన్నని ఖాళీని చాల ప్రోగ్రాములు పదాంతముగా భావించి, ప్రత్యయమును వేరుపదముగ లెక్కించినవి. తెలుగులో 'రాముని', 'చేత' అను భాగముల నడుమ పంక్తిని విరిచి, రెండింటిని రెండు పదములుగ నిఘంటువులో వెదకిన ట్లుండును ఆ పని.

కనబడని గుర్తుల ప్రమాదము తెలుగునకును అనుభవములోనిదే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను తెలుగక్షరమునకు చెందిన ఒక సంకేతక్రమము ఐఫోనునకు వచ్చినచో, దానిని తెరపై చూపబోయిన ప్రోగ్రాములు కుప్పకూలినవి. ఆ క్రమములో హల్లునకును దీర్ఘమునకును నడుమ ఒక కనబడని గుర్తు చేరియున్నది. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేసినది. 2011 జనాభా లెక్కల ప్రకారము 8 కోట్లకు పైగా మాతృభాషగా గల తెలుగునకు దినములలో దొరకిన సవరణ, కొలదిమంది వాడు నిలువులిపికి సంవత్సరములు పట్టుటలో వింత లేదు గాని న్యాయమును లేదు.

అడ్డముగ పరుండిన లిపి

విండోస్ విస్తా 2007లో జనసామాన్యమునకు వచ్చినపుడు దానితో 'మంగోలియన్ బైతి' అను ఫాంటు వచ్చినది. దానివలన పాతలిపి మొదటిసారి సామాన్యమైన కంప్యూటరుపై అదనపు ఏర్పాటు లేకుండ కనబడినది. ఇది పెద్ద మేలు. కాని అక్షరములు నిలువుగా కలిసి యుండుటకు మారుగా చాల ప్రోగ్రాములలో ప్రక్కకు పరుండినవి. చదువువాడు తల వంచవలెను, లేదా తెరను త్రిప్పవలెను. ఎడమనుండి కుడికి సాగు నిలువువరుసలకు నియమములు గల వెబ్ ప్రమాణమును డబ్ల్యూ త్రీ సీ సంస్థ 2019 డిసెంబరులో తుదిగా ఆమోదించినది. సంఖ్యలు దొరకిన ఇరువదియేండ్లకు నిలుచుటకు చోటు దొరకినదన్న మాట. మంగోలియా అధ్యక్షుని కార్యాలయము నిలువులిపిలో వెబ్‌సైటును నడిపి అది సాధ్యమేయని చూపినది. అయినను పంక్తులు వ్రాయు పెట్టె, పట్టిక, బొత్తాము మొదలగునవి అన్నియు అడ్డపు వ్రాతకై గీయబడినవే. నిలువులిపి వానిలో అద్దెకున్నవానివలె ఇరుకుకొని యుండవలసివచ్చుచున్నది.

ఈ యిబ్బందులు పడలేక ఇన్నర్ మంగోలియాలో చాలమంది వేరొక దారి పట్టిరి. యూనికోడ్‌లో ఎవరికి వారు వాడుకొనుటకై విడిచిన ఖాళీసంఖ్యలు కలవు. మెంక్‌సాఫ్ట్ అను అచ్చటి సంస్థ ఆ సంఖ్యలను ఆకారములకు కేటాయించి ప్రోగ్రాములు చేసినది. నొక్కినదే కనబడును, కనబడినదే సంఖ్యగ నిలుచును. తప్పు తప్పుగనే కనబడును. అందుచేత వాడుకరులు దానిని ఆదరించిరి. ప్రామాణికవిధానముపై ఇంతకు మించిన విమర్శ యుండబోదు: ఉచితముగ లభించు లోకప్రమాణమును విడిచి, పనిచేయువారు స్థానికమార్గమును పట్టిరి. కాని ఆ మార్గమునకు దాని దోషము దానికి కలదు. ఆ ప్రోగ్రాములు, ఆ ఫాంటులు లేనిచోట ఆ వ్రాత చదువబడదు. ఒక విధానము లోకమంతటను చెల్లును, కంటికి లొంగదు. రెండవది కంటికి లొంగును, లోకములో చెల్లదు.

2017 నుండి కొన్ని సంవత్సరములపాటు యూనికోడ్ నిపుణులు ఈ సమస్యను తిరుగదోడిరి. ధ్వనిని విడిచి రూపమునకే సంఖ్యల నీయవలెనను ప్రతిపాదనయు చర్చకు వచ్చినది. కాని ఒకసారి ఇచ్చిన సంఖ్యను వెనుకకు తీసికొనరాదనునది యూనికోడ్ నియమము. రెండు విధానములు ప్రక్కప్రక్కన నున్నచో గందరగోళము ఇనుమడించును. కావున ధ్వనివిధానమునే ఉంచి, ఏ సంఖ్యకు ఏ రూపమో స్పష్టముగ నిర్ణయించు మార్గమునే అనుసరించిరి. ఇది నిస్సహాయతలోనుండి పుట్టిన వివేకము. నిందింపదగినది కాదు, చాలునని తృప్తిపడదగినదియు కాదు.

పణముగ నున్న దేమి?

మంగోలియా 2015లో భాషాచట్టమును చేసి, 2020లో మంగోలు లిపికై మూడవ జాతీయకార్యక్రమమును ఆమోదించినది. దాని ప్రకారము 2025 జనవరి 1 నుండి ప్రభుత్వపత్రములు సిరిలిక్, పాతలిపి రెండింటిలోను నడువవలెను. అదే 2020లో ఇన్నర్ మంగోలియాలో భాషాసాహిత్యము, రాజనీతి, చరిత్ర అను మూడు పాఠ్యవిషయములను మంగోలుకు బదులు చీనా భాషలో బోధింప నిశ్చయింపగా, తల్లిదండ్రులును విద్యార్థులును బడులను బహిష్కరించి నిరసన తెలిపిరి. ఆ నిశ్చయము మారలేదు. లిపి మరచిన చోట చట్టము దానిని పిలుచుచున్నది. లిపి నిలిచిన చోట బడి దానిని వెడలగొట్టుచున్నది. ఈ రెండు ప్రజాసమూహములు కలిసికొనుటకు నేడు మిగిలిన సమీపస్థలము కంప్యూటరే. సిరిలిక్‌లో 'ఊల్' అని వ్రాసినదానిని 'అగుల' అని పాతలిపిలోనికి మార్చు ప్రోగ్రాము బాగుగ పనిచేసినచో ఒకరి వ్రాత మరియొకరికి చేరును. దానికి నిఘంటువు కావలెను. నిఘంటువునకు నమ్మదగిన వ్రాతసంపద కావలెను. పైకి ఒకటే కనబడి లోపల నాలుగు విధములుగ నున్న వ్రాతసంపద నమ్మదగినది కాదు.

పాతగ్రంథముల విషయమును ఇట్టిదే. 1717, 1720 సంవత్సరముల నడుమ బీజింగులో కొయ్యదిమ్మెలతో అచ్చయిన మంగోలు కంజూరు 108 సంపుటముల బౌద్ధవాఙ్మయము. ఆచార్య లోకేశచంద్ర 1970లలో ఢిల్లీనుండి దానిని యథాప్రతిగ ప్రచురించిరి. భారతదేశమునుండి వెడలిన బుద్ధవచనము భారతదేశమునకు మరల చేరిన మహాకార్యమది. కాని యథాప్రతులు చిత్రములే. చిత్రమును చూచి అక్షరములను గుర్తించు ప్రోగ్రాము రూపమును మాత్రమే చూడగలదు. ప్రమాణము ధ్వని నడుగును. 'ఒ' అనవలెనో 'ఉ' అనవలెనో యంత్రము ఊహింపవలెను. ఊహ తప్పినను పుట సరిగనే కనబడును. నూటయెనిమిది సంపుటములలో ఆ తప్పును పట్టుట కెన్ని కన్నులు కావలెను?

తీర్పు

ఒక లిపికి కంప్యూటరు ఆదరువు కలిగినదా లేదా యని తేల్చుటకు సామాన్యముగ మూడు ప్రశ్నలు వేయుదురు: వ్రాయవచ్చునా? చూడవచ్చునా? వెదకవచ్చునా? సిరిలిక్ మంగోలు ఈ మూడింటిలోను నేడు కృతార్థమైనది. పాతలిపి మొదటిదానిలో కృతార్థము, రెండవదానిలో అర్ధకృతార్థము, మూడవదానిలో విఫలము. కాని ఈ మూడింటికిని ముందు వేయవలసిన నాలుగవ ప్రశ్న నొకదానిని ప్రమాణకర్తలు వేయలేదు: దిద్దవచ్చునా? తెలుగులో దిద్దుట యనగా అక్షరములు నేర్చుకొనుట, తప్పు సరిచేయుట అను రెండర్థములును కలవు. ఆ రెండును ఒకటే పని యని భాష యెరుగును. తప్పు కనబడని చోట చదువు లేదు. బాలుడు నేర్వజాలని, ఉపాధ్యాయుడు దిద్దజాలని వర్ణక్రమము ఎంత శాస్త్రీయమైనను పండితుని పెట్టెలోనే యుండిపోవును.

సంఖ్యలు మారవు గనుక ఇక చేయదగినది ఆ సంఖ్యలపై నిలుచు ప్రోగ్రాములలోనే కలదు. వెదకునపుడు ఒకే రూపము గల వ్రాతలన్నింటిని ఒకటిగ భావింపవలెను. భేదము కావలసినవాడు వేరుగ కోరుకొనును. వ్రాయునపుడు నిఘంటువు ప్రక్కన నిలిచి ప్రామాణికధ్వనిని సూచింపవలెను. లోపల నున్న ధ్వనిని కోరినపుడు పదము ప్రక్కన సిరిలిక్ అక్షరములలో చూపు తెర బడులలో ఉండవలెను. అప్పుడు ఉపాధ్యాయుని ఎర్రసిరాకు మరల చోటు దొరకును. ఇవి అసాధ్యములు కావు. లిపిని యంత్రములోనికి తెచ్చినవారు పని ముగిసినదని భావింపకుండుట యొక్కటే కావలసినది.

తెలుగునకు ధ్వనిరూపముల వైరము లేదు. దాని సంఖ్యలు కంటికి లొంగినవి. దాని తప్పులు దిద్దుటకు దొరకును. ఈ యదృష్టమును వాడుకొనుట మాత్రము మనుష్యుల చేతిలో నున్నది. వెలుపలి రాష్ట్రములలోని తెలుగు సంఘముల సంచికలు, బడుల పాఠములు, పెద్దల జ్ఞాపకములు పాత ఫాంటుల కూర్పులోనే మిగిలి, అచ్చు పుట తప్ప వేరు జాడ లేకయున్నచో, వానిని వెదకబోయిన మనుమనికి యంత్రము లేవనియే చెప్పును. మంగోలు కంజూరునకు ధ్వనిని ఊహింపవలసిన కష్టము కలదు. ఈ సంచికలను యూనికోడ్‌లోనికి మార్చుటకు అట్టి యూహతో పనిలేదు. కూర్చుండి మార్చి, అచ్చు పుటతో సరిచూచి దిద్దు మనుష్యులు చాలును.